కనబడని ప్రయోజనము

సైకిలు వెనుకచక్రపు హబ్బునకు కుడిప్రక్కన నుండు ఫ్రీహబ్బుమీదికి పళ్ళచక్రముల గుత్తిని, అనగా క్యాసెట్టును, ఎక్కింపబూనిన వానికి మొదటనే యొక నిర్బంధ మెదురగును. జపానుదేశపు సకాయ్ నగరమున 1921లో నెలకొన్న షిమానో సంస్థవారి హైపర్‌గ్లైడ్ పద్ధతిలో ఆ ఫ్రీహబ్బుచుట్టును 9 గాడు లుండగా, వానిలో నొక్కటి మాత్రము వెడల్పులో తక్కినవానితో నేకీభవింపదు. కావున క్యాసెట్టు ఒక్క తీరుననే యెక్కును గాని మఱియొక తీరున నెక్కదు. తొక్కుబలమును చక్రమున కందించుటయే ప్రయోజనమైనచో ఏ స్థానమున నిలిపినను చాలును గదా, ఈ కట్టుబా టేల? యంత్రమును గూర్చి పుట్టిన ఈ ప్రశ్నయే మతాచారములను గూర్చి ఆలోచించువారిని తరతరములుగా వేధించుచున్నది: కారణము కనబడని నియమమును పాటింపవలెనా, త్రోసిపుచ్చవలెనా?

వేదవిధుల యర్థమును విచారించు మీమాంసకులు ఈ ప్రశ్నను మిక్కిలి ఓర్పుతో విచారించిరి. దర్శపూర్ణమాసయాగమునందు వడ్లను దంపవలెనని విధి కలదు. పొట్టు పోవుటయే కావలసినచో గోళ్ళతో నొలిచినను పోవును. ఉపాయములు పెక్కు గలచోట నొకదానినే నిర్ణయించు ఇట్టి వాక్యమును వారు నియమవిధి యనిరి. పొట్టు తొలగుట దృష్టఫలమనియు, దంచియే తొలగింపవలెనను నియతివలన గలుగునది కంటికి కనబడని ఫలము, అనగా అదృష్టమనియు విభజించిరి. అయితే దానితోపాటు వారు తమకు తాము విధించుకొన్న హద్దును మనము తఱచుగా మఱచుచున్నాము: కంటికి కనబడు ప్రయోజనము దొరకుచుండగా కనబడనిదానిని కల్పింపరాదని వారి నిర్ణయము. వేదప్రామాణ్యమునకై అంతగా పోరాడినవారే యిట్టి నిగ్రహమును చూపుట నాకు మిక్కిలి పూజ్యముగ తోచును.

ఆ యొంటరి గాడికి గల కారణము బిగించువేళ తెలియదు. 1980ల చివర వెలువడిన ఆ పద్ధతిలో ప్రతి చక్రపు పళ్ళలో కొన్నింటిని వేఱు రూపమున చెక్కి, ప్రక్కన వాలులు తీర్చి, చైను ఒక చక్రమును విడిచి పొరుగుచక్రము నందుకొను తావులను ముందుగనే యేర్పఱచిరి. చక్రము లన్నియు తమ తమ స్థానముల నిలిచినపుడే ఆ తావులు ఒకదాని కొకటి సరిపడును. ఆ గాడి కల్పించు నడ్డమును ఆకురాయితో నరుగదీసి, ఒక చక్రమును కొంచెము జరిపి యెక్కించిన వానికి వెంటనే శిక్ష పడదు. చక్రము తిరుగును, బండి నడచును, చదునుబాటలో నొకే గేరుమీద పోవువానికి లోప మెన్నడును తెలియదు. నియమము వట్టి చాదస్తమని యతడు నమ్మును. మిట్ట యెదురై, కాలిక్రింద బరువుండగా గేరు మార్చవలసివచ్చినపుడు మాత్రము చైను తడబడును. మన యిండ్లలోని కర్మకలాపము పెక్కుపాళ్ళు ఇట్టి దాటువేళలకై యేర్పడినదే. చావు పిదప పదిదినములు జరుపు దశాహపు విధులు బ్రతుకు సాఫీగా సాగునంతకాలము నిరర్థకములుగ తోచును. ఇంట చావు జరిగి, ఏమి చేయుటకును తోపక మనస్సు నిలిచిపోయినపుడు, తెల్లవారగనే చేయవలసిన పని యొకటి సిద్ధముగ నుండుట, బంధువులు వచ్చి ప్రక్కన కూర్చుండుట యెంత మేలో అనుభవించినవారి కెఱుక. ఇది దృష్టఫలమే, దీనికై పైలోకముల వెదకనక్కఱలేదు.

ఆచారపరులు గ్రహింపవలసిన సంగతియు ఆ ఫ్రీహబ్బుమీదనే కలదు. 11 గేర్లకై చేసిన రోడ్డుసైకిలు ఫ్రీహబ్బు కొంచెము పొడవు. దానిమీద 8 గాని 9 గాని గేర్ల క్యాసెట్టు ఎక్కింపవలెనన్నచో వెనుక 1.85 మిల్లీమీటర్ల స్పేసరును వేయవలెను. అది లేకున్న పైనుండి బిగించు లాక్‌రింగు తన హద్దును చేరి ఆగిపోవును. రెంచీ మీద విధింపబడిన 40 న్యూటన్ మీటర్ల త్రిప్పుబలము (టార్కు) చూపును. లోపల చక్రములు మాత్రము కదలుచునే యుండును. బిగువు పూర్తియైనది, పట్టు చిక్కలేదు. ఆ స్పేసరునే పాత పొట్టి ఫ్రీహబ్బుమీద వేసినచో లాక్‌రింగు మరలకు చాలినంత పట్టుండదు. ఒకరికి తప్పనిసరియైనది వేఱొకరికి చెఱుపు. అధికారిభేదమని పెద్దలు చెప్పిన దిదియే. ఇంట తల్లిదండ్రులతో మాటలు మానుకొని ఏకాదశీవ్రతమును మఱింత కఠినము చేసికొనువాడు లాక్‌రింగునే మఱల మఱల త్రిప్పుచున్నాడు. అతని కొఱత ఉపవాసములో లేదు.

ఎంత వెదకినను కారణము దొరకని యాచారములు కొన్ని మిగులును. వానిని పాటించుటవలన నెవరికిని హాని లేనిచో నుండనిచ్చుట మేలని నా యభిప్రాయము. కాని అంటరానితనమువలె సాటిమనుష్యుని యవమానమే ప్రత్యక్షఫలముగ గల యాచారమును అదృష్టము పేరిట కాపాడుట శాస్త్రమునకును ద్రోహము.

పెద్దలారా, ఇది యెందుకని పిల్లవాడు అడిగినపుడు పాపభీతి చూపి వాని నోరు మూయింపకుడు. తెలిసినది చెప్పుడు, తెలియనిచో తెలియదని యొప్పుకొని, వానితో కూడ వెదకుడు.