పక్కవాళ్ళ దేవుడికి దణ్ణం పెట్టొచ్చా?

ఆఫీసు పని మీద ఇటలీలోని బొలోన్యా వెళ్ళినప్పుడు ఒక ఆదివారం ఖాళీ దొరికింది. ఊరి బయట కొండ మీద సాన్ లూకా అని మరియమాత చర్చి ఉంది, అక్కణ్ణుంచి వ్యూ అదిరిపోతుందన్నారు. నేను వెళ్ళింది వ్యూ కోసమే, దాచేదేముంది!

ఊరి పాత గేటు దగ్గర మొదలైన కప్పు కొండ మీద చర్చి దాకా సాగుతుంది. దాదాపు 3.8 కిలోమీటర్లు, 666 కమానులు. 1433లో ఎడతెగని వానలకి పంటలు పోతాయని భయపడి అమ్మ పటాన్ని కొండ మీంచి ఊళ్ళోకి ఊరేగింపుగా తెచ్చారట, వాన ఆగిందట. (మనం వాన పడాలని మొక్కుతాం, వాళ్ళు ఆగాలని!) ఇప్పటికీ ఏటా తెస్తారు. కొండెక్కే భక్తులు తడవకూడదని 1674లో ఈ కప్పు మొదలుపెట్టారు. చాలావరకు ఊరివాళ్ళ చందాలే. దాతల పేర్లు గోడల మీద ఉన్నాయి, అచ్చం మన గుళ్ళలో బండల మీద చెక్కినట్టే.

సగం దారిలో వాన మొదలైంది. నా మీద చుక్క పడలేదు. మొక్కు వాళ్ళది, డబ్బు వాళ్ళది, పొడిగా ఉన్నది నేను. కొంచెం సిగ్గనిపించింది.

పైన పటం ముందు ఒకావిడ ఏడుస్తోంది. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అందరు దేవుళ్ళూ ఒక్కటే" అనేసుకుంటే ఈజీ. కానీ ఆవిడ వచ్చింది ఏదో ఒక దేవుడి దగ్గరికి కాదు, ఈ తల్లి దగ్గరికే. ఆ తల్లిని "మా అమ్మవారే" అనేసుకోవడం నాకు నచ్చలేదు. గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు ఎవరు ఏ రూపాన్ని శ్రద్ధతో పూజించాలనుకుంటే వాళ్ళ శ్రద్ధని అందులోనే నిలబెడతానంటాడు కదా. వాళ్ళది వాళ్ళకే ఉంచాడు.

అలాగని జేబులో చేతులు పెట్టుకుని నిలబడటమా? ఫ్రెండ్ ఇంటికెళ్తే వాళ్ళ నానమ్మ కాళ్ళకి దణ్ణం పెడతాం. ఆవిడ మన నానమ్మ అయిపోతుందా? ఆ ఇంట్లో అన్నం తిన్నాం, ఆవిడ పెద్దావిడ, అంతే. అలా దణ్ణం పెట్టాను. ఏమీ కోరుకోలేదు.

బయటికొస్తే అంతా మబ్బు, వ్యూ లేదు. రాత్రి అమ్మకి ఫోన్లో మొత్తం చెప్పాను.

"చెప్పులు విప్పావా?"

"ఇక్కడ ఎవరూ విప్పరమ్మా."

"వాళ్ళు విప్పరు సరే. నువ్వు విప్పొచ్చుగా?"