సమానమైన ధర, న్యాయమైన ధర

ఒక వస్తువును అందరికి ఒకే ధరకు అమ్మినచో న్యాయము జరిగినట్లేనా? ఈ ప్రశ్న అంగడికి సంబంధించినదిగా తోచును గాని, నిజమునకు ధర్మవిచారమునకు చెందినది.

1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి భిలాయిలో ఉక్కు కర్మాగారము వెలసినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు అక్కడి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఇనుపరాయి చేరువనున్న దల్లీ-రాజహరా కొండలలోనిది. అయినను, కర్మాగారపు నీడలోనున్నవానికిని, సముద్రతీరమున మద్రాసులోనున్నవానికిని ఆ ఉక్కు కంట్రోలు ధర ఒక్కటియే. 1950 దశకములో ప్రభుత్వము ప్రవేశపెట్టిన రవాణా వ్యయ సమీకరణ విధానమే ఇందుకు కారణము. దగ్గరివాడు అధికముగా చెల్లించిన సొమ్ము దూరపువాని రైలు కిరాయిని పూరించుచుండెను.

ఇందులో ధర్మము లేకపోలేదు. గనిచెంత పుట్టుట ఒకని పుణ్యమును కాదు, దూరమున పుట్టుట మరియొకని పాపమును కాదు. దేశమంతయు ఒక్క కుటుంబమైనపుడు ఇంటి దూలమునకు అందరు పాలుపంచుకొనుటలో తప్పేమి?

కాని ఆ కుటుంబములో ప్రత్తికి, నూనెగింజలకు ఈ నియమము వర్తింపలేదు. కొండనిచ్చినవాడు తన సౌలభ్యమును వదులుకొనెను. ప్రత్తి పండించిన సీమ తన సౌలభ్యమును నిలుపుకొనెను. పరిశ్రమలు గనులను విడిచి రేవులను, పెద్ద బజారులను ఆశ్రయించెను. ఒక పక్షమునకే వర్తించు సమత్వమును సమత్వ మనుట ఎట్లు? పైగా, ఉక్కు కరవైన దినములలో పర్మిట్టు లేని చిన్నవానికి కంట్రోలు ధర కాగితముమీదనే ఉండెను. అతడు కొన్నది నల్లబజారు ధరకే.

1992 జనవరిలో ప్రభుత్వము ఉక్కు ధరపై అదుపును, రవాణా సమీకరణను తొలగించినది. ఇక ధర నిర్ణయము ఉత్పత్తిదారుని వంతైనది. అంతమాత్రమున రాజ్యము బాధ్యత తీరినదా? ఇల్లు కట్టుకొను గృహస్థు ధరలను నాలుగు దుకాణములలో విచారించి తెలిసికొనగలడు. ఇనుపచువ్వ బలమును మాత్రము కంటితో చూచి తెలిసికొనజాలడు. దానిపై ప్రమాణ సంస్థ ముద్ర ఉండవలెనను శాసనము అందుకే అవసరము.

కొనువాడు తాను చూడగలిగినచోట అతని వివేకమునకును, చూడజాలనిచోట శాసనమునకును తావుండవలెను. ధరను సమానము చేయ దలచిన పాలకుడు మాత్రము ముందుగా ఒక ప్రశ్నకు బదులు చెప్పవలెను: ఈ సమానత్వమునకు మూల్యము ఎవరి కొంగునుండి పోవుచున్నది? ఆ చెల్లించువాని సమ్మతిని అడుగకుండ చేసిన దానము దాతకు కీర్తిని తేవచ్చును గాని, న్యాయము కానేరదు.