ఇంట్లో జ్ఞానవడకం: వింటే చాలునా?



తపస్సుకాలం సమీపించిందంటే మన విచారణల్లో ఒక ప్రశ్న తప్పక వినిపిస్తుంది. "ఈ యేడు జ్ఞానవడకానికి ఎవరెవరు వెళ్తున్నారు?" నలుగురైదుగురి పేర్లు వస్తాయి. వారికి ప్రయాణ ఏర్పాట్లు జరుగుతాయి. వెళ్లలేని వారి పేర్లు మాత్రం ఎవరూ రాసుకోరు. ఈ వారం వారిని గురించి ఆలోచిద్దాం.

మాది వర్ని దగ్గర ఒక క్యాంపు. మంజీర నది మీద నిజాంసాగర్ 1931లో పూర్తయిన తరువాత కాలువ నీటిని నమ్ముకొని కోస్తా నుంచి ఎన్నో కుటుంబాలు ఈ ప్రాంతానికి వచ్చాయి. మా తాతగారు కూడా అలా వచ్చినవారే. బట్టలమూట, జపమాల, ఒక పాత ప్రార్థన పుస్తకం వెంట తెచ్చుకున్నారు. ఒకప్పుడు ఇక్కడ ఎటు చూసినా చెరకే. బోధన్ శక్కర్‌నగర్‌లో 1930ల చివర మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. చెరకు చేలు చాలామటుకు వరిమళ్లయ్యాయి. పంట మారినా రైతు తీరిక మారలేదు. తపస్సుకాలం వచ్చేసరికి యాసంగి వరికి తడి మీద తడి కావాలి. నీటి వంతు ఏ రాత్రి వస్తే ఆ రాత్రి తూము దగ్గర మనిషి ఉండాలి. ఇంట్లో ఆడవారికి పశువులు, వంట, మంచం పట్టిన పెద్దవారు. చుట్టుపక్కల పల్లెల్లో ఎందరో అక్కచెల్లెళ్లకు రోజూ బీడీల చాట ఒళ్లోనే ఉంటుంది. చాట పక్కన పెడితే ఆనాటి కూలి పోయినట్లే. ఇటువంటి వారికి అయిదు రోజుల వడకం అన్నది పెద్ద ధనవంతుల మాటలా వినిపిస్తే తప్పు వారిది కాదు.

అందుకే రికార్డు చేసిన ప్రసంగాలు మన ఇళ్లకు వచ్చాయి. ఇది నిన్న మొన్నటి సంగతి కాదు. ఫిలిప్పీన్స్ నుంచి రేడియో వెరితాస్ ఆసియా 1969లో ప్రసారాలు మొదలుపెట్టింది. షార్ట్‌వేవ్‌లో వచ్చే దాని తెలుగు కార్యక్రమాల కోసం రేడియో చెవికి ఆనించుకొని కూర్చున్న పెద్దలు మనకు తెలుసు. ఆ షార్ట్‌వేవ్ ప్రసారాలు 2018లో ఆగిపోయాయి. 1990వ దశకంలో కేరళలోని డివైన్ రిట్రీట్ సెంటర్‌కు మన తెలుగువారు ఎందరో రైలెక్కి వెళ్లారు. అక్కడ తెలుగులో కూడా వడకాలు జరిగేవి. వెళ్లినవారు తిరిగివచ్చేటప్పుడు క్యాసెట్లు తెచ్చి ఇరుగుపొరుగుకు ఇచ్చేవారు. టేపు అరిగి, గొంతు సాగి, చివరికి ప్రసంగం ఈలగా మారేదాకా వినేవాళ్లం. నేడు అవన్నీ సెల్‌ఫోనులో ఇమిడిపోయాయి. 2020లో కరోనా లాక్‌డౌన్ కాలంలో దేవాలయాలు మూతపడి, ఈస్టరు కూడా ఇంట్లోనే జరుపుకోవలసి వచ్చినప్పుడు, ఈ పరికరమే చాలా కుటుంబాలకు ప్రసంగ వేదిక అయింది.

మరి ఇంట్లో కూర్చొని ప్రసంగాలు వింటే అది జ్ఞానవడకం అవుతుందా? పెద్దలు కొందరు "కాదు, అది కాలక్షేపం" అంటారు. పిల్లలు "అదే గురువు, అవే మాటలు, తేడా ఏముంది?" అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది, కొంత తొందరపాటు ఉంది.

ఇంట్లో చేసే వడకాన్ని తిరుసభ ఏనాడూ చిన్నచూపు చూడలేదు. పునీత క్లారమ్మగారు జబ్బుతో మంచం మీద ఉండి, క్రిస్మస్ రాత్రి గుడికి వెళ్లలేకపోయినప్పుడు, దూరాన జరుగుతున్న ఆరాధనను తన గదిలోనుంచే చూసి, విన్నారని సంప్రదాయం. ఆ కారణం చేతనే పన్నెండవ భక్తినాథ పోపుగారు 1958లో ఆమెను టెలివిజనుకు పాలక పునీతురాలిగా ప్రకటించారు. ఇక జ్ఞానవడకాలకు మూలపురుషులైన పునీత లొయోలా ఇన్యాసివారి సంగతి చూడండి. ఆయన రాసిన ఆధ్యాత్మిక సాధనల గ్రంథాన్ని మూడవ పౌలు పోపుగారు 1548లో ఆమోదించారు. ఆ గ్రంథం మొదట్లో కొన్ని సూచనలున్నాయి. వాటిలో పంతొమ్మిదవది సంసార వ్యవహారాలు వదలలేని వారికోసమే. అటువంటివారు రోజుకు గంటన్నర తీసి, ఇంటిపట్టున ఉంటూనే ఆ సాధనలు చేయవచ్చునని ఆయన దారి చూపారు. నాలుగు వందల డెబ్బయి ఏళ్లకు పూర్వమే ఆయన మన తూము కాపలాను, మన వంటింటిని తలచుకొన్నట్లుంది.

అయితే అదే గ్రంథం మరొక సంగతి కూడా గుర్తుచేస్తుంది. సాధన చేసేవాడికి పక్కన నడిపించేవాడు ఉండాలి. రికార్డులో లోటు సరిగ్గా ఇక్కడే ఉంది. గొంతు ఉంది, మనిషి లేడు. ఆ గొంతు మనల్ని చూడదు. మన ముఖం ఎక్కడ మాడిందో దానికి తెలియదు. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని ఆపే మీట మన చేతిలోనే ఉంది. మనం ఆపగలిగిన గొంతు మనల్ని ఆపగలదా? ఈ ప్రశ్నకు జవాబు నా అనుభవం నుంచే చెబుతాను.

కిందటి తపస్సుకాలంలో నేను ఇంట్లో మూడు రోజుల వడకం చేద్దామనుకున్నాను. గదిలో కుర్చీ వేసుకొని, తలుపు దగ్గరగా వేసి, మొదటిరోజు అయిదు ప్రసంగాలు విన్నాను. నోటుపుస్తకంలో ఆరు పేజీలు రాశాను. సాయంత్రం నా భార్య అడిగింది, "ఏం చెప్పారండీ ఫాదరుగారు?" అని. రాసుకున్నదంతా చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "అన్నీ బాగున్నాయండీ. మరి నీళ్ల సంగతి చెప్పలేదా?" అంది.

నీళ్ల సంగతి ఏమిటంటే, అంతకు ముందు నెల నా వంతు అయిపోయాక నేను తూము కట్టలేదు. నిద్రమత్తు అనుకోండి, ఆశ అనుకోండి. కింద మడి నా తమ్ముడిది. ఆ తడి అతనికి అందలేదు. మాటా మాటా పెరిగి మాటలు ఆగిపోయాయి. నిజానికి మర్నాడు వినవలసిన రెండో ప్రసంగం సఖ్యత గురించే. దాని పేరు చూడగానే నా వేలు దానంతట అదే తరువాతి ప్రసంగానికి జరిగింది. గుడిలో కూర్చొని ఉంటే ఆ పని చేయగలనా? అందరి మధ్య నుంచి లేచి బయటికి పోయే ధైర్యం నాకు లేదు. నా గదిలో ఆ ధైర్యం అవసరం లేకపోయింది. వేలు కదిపితే చాలు.

ఆ రోజు మధ్యాహ్నం నా భార్య అడిగిన మాట మళ్లీ చెవిలో పడింది. వెనక్కి వెళ్లి ఆ ప్రసంగం విన్నాను. ఫోను కట్టేసి తమ్ముడి కల్లం దగ్గరికి నడిచాను. తప్పు నాదేనన్నాను. "ఇప్పుడు గుర్తొచ్చిందా అన్నయ్యా?" అన్నాడు, అంతకంటే ఇంకేమీ అనలేదు. కౌగిలింతలేమీ జరగలేదు. తరువాతి వంతులో నేను గంట ముందే తూము కట్టి నీళ్లు కిందికి వదిలాను. మాటలు నెమ్మదిగా వస్తున్నాయి. నా వడకం ఎక్కడ జరిగిందని ఎవరైనా అడిగితే, గదిలో అని చెప్పలేను. కొంత నా భార్య ప్రశ్నలో, కొంత ఆ తూము దగ్గర జరిగిందంటాను. రికార్డు చేయలేని పనిని ఆ ఇంట్లో ఉన్న మనిషి చేసింది. నన్ను నడిపించేవారు వంటింట్లోనే ఉన్నారని నేను అంతవరకు ఎరుగను.

ఇంకొక సంగతి కూడా అప్పుడే తట్టింది. నేను మూడు రోజులు మౌనంగా కూర్చోగలిగానంటే, ఆ మౌనం ఎక్కడి నుంచి వచ్చింది? టీ ఆమె తెచ్చింది. పశువులను ఆమె చూసుకుంది. ఇంటికి వచ్చినవారిని వాకిట్లోనే ఆపి సాగనంపింది. అంటే నా ఏకాంతం ఆమె కష్టంతో కొన్నది. బేతనియలో మరియమ్మ ప్రభువు పాదాల దగ్గర కూర్చున్నప్పుడు మార్తమ్మ చేసిన ఫిర్యాదును మనం తేలికగా తీసిపారేస్తాం. కాని మార్తమ్మ కూడా కూర్చోవాలంటే వంట ఎవరు చేయాలన్న ప్రశ్న మన ఇళ్లలో ఇంకా మిగిలే ఉంది. ఇంటి వడకంలో అసలైన ధర్మపరీక్ష ఇదేనని నాకనిపిస్తుంది. మౌనం కూడా అన్నం లాంటిదే. ఒకరే తినేసి తక్కినవారిని పస్తు పెట్టకూడదు.

అందుచేత తరువాతి వారం రెండు రోజులు వంట నేను చేశాను. అన్నం మెత్తబడింది, పప్పు అడుగంటింది. ఆమె నవ్వింది గాని లేచి రాలేదు. ఒక్క ప్రసంగం విన్నది, అరగంట. తరువాత జామచెట్టు కింద ఊరికే కూర్చుంది. గంట గడిచాక వెళ్లి, "రెండోది పెట్టనా?" అన్నాను. "వద్దండీ, మొదటిదే ఇంకా అయిపోలేదు" అంది.

ఆ మాటతో నా ఆరు పేజీల నోటుపుస్తకం తేలిపోయింది. ఇన్యాసివారు కూడా ఆ గ్రంథం రెండవ సూచనలో బోధించేది ఇదే. ఎక్కువ తెలుసుకోవడం ఆత్మకు తృప్తినివ్వదు, తెలిసిన కొంచెాన్ని లోపల రుచి చూడడమే తృప్తినిస్తుంది. రికార్డులకు అంతులేదు. ఒకటి ముగియకముందే మరొకటి సిద్ధంగా ఉంటుంది. వినడం మానక, మారడం మొదలుపెట్టక, ఏళ్లు గడిపేయవచ్చు. అది చాలా భక్తిగా కనిపించే తప్పించుకోవడం.

మరి చాట పక్కన పెట్టలేని ఆ బీడీ కార్మికురాలి మాటేమిటి? చేతులు ఆకు చుడుతుండగా చెవులు వాక్యం వింటే అది తక్కువదా? ఈజిప్టు ఎడారి మునులు బుట్టలు అల్లుతూ ప్రార్థించేవారు. చేతిపని ప్రార్థనకు శత్రువు కాదు. ఆమె వినడం ఆ మునుల ప్రార్థన కంటే తక్కువదని నేననలేను. కాని దానితో సరిపెట్టుకొని మనం చేతులు దులుపుకోకూడదు. వారానికి ఒక్క గంటైనా ఆమె చేతులు ఖాళీగా ఉండే వీలు ఆ ఇంటివారు, ఆ విచారణ కలిసి కల్పించాలి.

వెళ్లలేక ఇంట్లో చేయడం వేరు, వెళ్లడం ఇష్టం లేక ఇంట్లో చేయడం వేరు. ఏది తనదో ఎవరి మనస్సాక్షికి వారికే తెలుసు. వెళ్లగలిగినవారు వెళ్లండి. వెళ్లలేనివారు ఇంట్లోనే చేయండి, దిగులు పడకండి. రోజుకు ఒక ప్రసంగం చాలు. మధ్యలో ఆపకండి, ముందుకు జరపకండి. ఎక్కడ ఆపబుద్ధి వేసిందో అక్కడ గుర్తు పెట్టుకోండి. ప్రభువు మీతో మాట్లాడదలచింది బహుశా అక్కడే. విన్నంతసేపు మౌనంగా కూర్చోండి. మిమ్మల్ని బాగా ఎరిగినవారిని ఒకరిని, "నాలో ఏం మారాలి?" అని అడగండి. చివర విచారణ గురువుల దగ్గరికి వెళ్లి పాపసంకీర్తనం చేయండి, దివ్యబలిపూజలో పాల్గొనండి. క్షమాపణను ఏ రికార్డూ ఇవ్వలేదు, దివ్యసత్ప్రసాదాన్ని ఏ తెరా అందించలేదు.

శిష్యులు అలసిపోయినప్పుడు యేసు ప్రభువు వారిని విశ్రాంతికై ఏకాంత స్థలానికి తీసుకుపోయారని మార్కు సువార్తలో చదువుతాం. వారు పడవ దిగేసరికే అక్కడ జనం కాచుకొని ఉన్నారు. ప్రభువు విసుగుకోలేదు, వారిని చూసి జాలిపడ్డారు. తొలి శిష్యుల వడకానికే అంతరాయం తప్పలేదు. మన ఇంటి వడకం మధ్యలో పిల్లవాడు ఏడ్చినా, నీటి వంతు వచ్చినా, అత్తగారు పిలిచినా, వడకం చెడిపోయిందనుకోకండి. ఆ పిలుపుకు మనం ఏ గొంతుతో పలికామో చూసుకుంటే, విన్న ప్రసంగం ఎంత లోపలికి పోయిందో అక్కడే తెలిసిపోతుంది.