అరువు కండ

మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యముని వృత్తాంతమున్నది. తాను చేయని దొంగతనానికి ఆయన శూలమెక్కవలసి వచ్చినది. తరువాత ఆయన ధర్మదేవత ఎదుట నిలిచి, ఏ పాపానికి ఈ ఫలమని అడిగినాడు. బాల్యంలో చిన్న పురుగుల తోకలలో గడ్డిపుల్లలు గుచ్చినందుకని సమాధానం వచ్చినది. ముని ఆ తీర్పును శిరసావహించలేదు. పద్నాలుగేళ్ల వయసు వరకు చేసిన పని పాతకం కాదని కొత్త మర్యాద నెలకొల్పి, ధర్మదేవతను మానవుడై పుట్టుమని శపించినాడు. విదురుని జన్మకు కారణమిదే. కథ చివర దోషిగా నిలిచినది పురుగును గుచ్చిన పిల్లవాడు కాదు, వయసు చూడకుండా లెక్క వేసిన న్యాయాధిపతి.

కండల కోసం వ్యాయామశాలలకు పోయే పదిహేను, పదహారేళ్ల బాలురను తలచుకొన్నప్పుడు ఈ కథ గుర్తుకు వస్తుంది. వారు మాండవ్యుడు గీసిన గీతను దాటినవారు. 1875 నాటి చట్టం మేజరుకు విధించిన పద్దెనిమిదేళ్ల గీతను ఇంకా చేరనివారు. అట్టి వాడొకడు త్వరగా ఒళ్లు చేయాలని హార్మోను మాత్రలు మింగితే, సూది వేయించుకొంటే, ఆ పనికి కర్త ఎవరు?

ప్రశ్నను గాలిలో ఉంచకుండా ఖరగ్‌పూర్‌లో నిలిపి చూద్దాము. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభానికి ఖరగ్‌పూర్ జంక్షనూ, వర్క్‌షాపూ రూపుదిద్దుకొన్న నాటినుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు అక్కడికి పనికై తరలిపోయినారు. కళాసీ పనికి పోయినవానికి శరీరమే పెట్టుబడి. ఆ మూడు జిల్లాలవారికి కండబలం కొత్త విద్య కూడా కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి ఉక్కు గొలుసులు తెంచినాడు, రొమ్ముపై ఏనుగును మోసినాడు, సర్కసు కంపెనీ నడిపి దేశదేశాలలో పేరు పొందినాడు. వలస వెళ్లిన నేల మాత్రం తక్కువ తిన్నదా? వలస ప్రభుత్వపు జైలులోనే వ్యాయామం సాగించిన మనోహర్ ఐచ్ 1952లో మిస్టర్ యూనివర్స్ బిరుదు పొంది, నూరేళ్లు దాటి జీవించి 2016లో మరణించినాడు. ఖరగ్‌పూర్ తెలుగు బాలునికి ఈ రెండు వారసత్వాలూ దక్కినవి. కనుక వాని కోరికను వట్టి వేషమని కొట్టివేయడం న్యాయం కాదు. ఆ కోరిక గౌరవప్రదమైనదే. వచ్చిన చిక్కల్లా వ్యవధితో.

వ్యవధిని కుదించే సాధనం 1935లో సిద్ధమైనది. ఆ ఏడు టెస్టోస్టిరాన్‌ను పశువుల వృషణాలనుండి వేరుచేసి గుర్తించినారు. ప్రయోగశాలలో తయారుచేయడమూ అప్పుడే సాధ్యమైనది. 1958లో డయానబాల్ మాత్ర అమెరికా మార్కెట్టుకు వచ్చినది. ప్రోటీన్ పొడి వేరు, హార్మోను వేరు. పప్పూ పాలూ ఇచ్చేదానినే పొడి ఎక్కువ ధరకు ఇస్తుంది. హార్మోను శరీరపు ఆజ్ఞలనే మార్చివేస్తుంది. ఎదిగే వయసులో ఇది మరింత క్రూరం. పురుష హార్మోను ఎక్కువైతే శరీరం అందులో కొంత భాగాన్ని స్త్రీ హార్మోనుగా మార్చుతుంది; దానితో ఎముకల చివరనున్న ఎదుగుదల పలకలు వేళకు ముందే మూసుకొనిపోవచ్చును. అప్పుడు భుజం పెరిగినవాడు పొడవు పెరగడు. వృషణాలు తమ పనిని తగ్గించుకొంటాయి, రొమ్ము పెరుగుతుంది, మాత్రల వలన కాలేయం చెడవచ్చు, మందు మానిన తరువాత మనసు కుంగవచ్చు.

ఇక తెలియక మింగే వారున్నారు. కొలోన్ నగర పరిశోధకులు 13 దేశాలలో కొన్న 634 పోషక ద్రవ్యాలను పరీక్షించి, వాటిలో 94 నమూనాలలో పైచీటీ మీద పేర్కొనని హార్మోను సంబంధ పదార్థాలున్నట్లు 2004లో ప్రకటించినారు. అట్టి డబ్బా కొన్నవాని బాధ్యత ఎంత?

చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, సరేనన్నవాడు నలుగురూ సమభాగులని మన పెద్దలనేవారు. పెద్దలపై గౌరవముతోనే ఈ సమభాగాన్ని నేనొప్పుకోలేను. తూర్పు జర్మనీలో ప్రభుత్వమే క్రీడాకారులకు, చిన్నపిల్లలతో సహా, హార్మోను మాత్రలిప్పించినది. విటమిన్లని చెప్పి మింగించిన సందర్భాలనేకం. ఆ దేశమే అంతరించిన తరువాత, 2000లో బెర్లిన్ న్యాయస్థానం నాటి క్రీడాధిపతి మాన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను దోషిగా తేల్చి 22 నెలల శిక్ష విధించినది. దానిని అమలు చేయకుండా నిలిపి ఉంచినది. శిక్ష స్వల్పమే. కాని మింగినవారు ఆ న్యాయస్థానానికి బాధితులుగా వచ్చినారు, సమభాగులుగా కాదు. ఎవరికెంత తెలుసు, ఎవరికెంత లాభం అన్న రెండు తూనికరాళ్లతో భాగం పంచవలసి ఉన్నది.

అట్లని పిల్లవానిని పూర్తిగా విడిచిపెట్టడంలో కూడ ఒక చిన్నచూపున్నది. వాడు ఆ సీసాను బట్టల వెనుక దాస్తాడు. దాచడమంటే ఏదో తెలిసి ఉండడమే. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 2021 నియమావళి పదహారేళ్లలోపు వారిని ప్రత్యేక రక్షణ గల వ్యక్తులుగా గుర్తించి, మందు ఒంట్లోకి ఎట్లు వచ్చినదో నిరూపించే భారాన్ని తగ్గించినది. తప్పు లేదని మాత్రం అనలేదు. ఆ వయసుకు తగిన బాధ్యత శిక్ష అనుభవించడం కాదు, నోరు విప్పడం.

మరి వినేవారెవరు? మన చట్టంలో లోపం పెద్దగా లేదు. 1945 నాటి ఔషధ నియమాల షెడ్యూల్ హెచ్ ప్రకారం ఈ హార్మోన్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు. కౌంటరు వెనుక నిలిచినవానికి అది తెలుసు, లాభమూ తెలుసు. రెండు రాళ్లూ వాని తక్కెడలోనే పడతాయి. వ్యాయామం నేర్పేవాడు గురువనిపించుకొంటూ కమీషను తీసుకొంటే వాని బరువు ఇంకా ఎక్కువ. తండ్రి తెలియదంటాడు. ఆరు నెలలలో కొడుకు చొక్కాలు పట్టకపోతే మురిసిపోయి కొత్తవి కుట్టించిన తండ్రి ఆ మాట అనదగునా? రైల్వే ఉద్యోగం కోసమే ఈ తంటా అని సర్దిచెప్పుకొనేవారికి ఒక సంగతి గుర్తుచేయాలి: లెవెల్ వన్ ఉద్యోగపు దేహదారుఢ్య పరీక్షలో పురుషులు 35 కిలోల బరువును రెండు నిమిషాలలో నూరు మీటర్లు మోయాలి, వెయ్యి మీటర్లు నాలుగు నిమిషాల పదిహేను సెకన్లలో పరుగెత్తాలి. గంజి తాగి పెరిగిన వారి తాతలు రోజూ చేసిన పని అది.

ఖరగ్‌పూర్‌లో ఈ ప్రశ్నకు ఇంకొక మెలిక ఉన్నది. అక్కడి తెలుగు బాలుడు వ్యాయామశాలలో హిందీ మాట్లాడవచ్చు, మందుల దుకాణంలో బెంగాలీ, ఇంట్లో తెలుగు. గురువుకు తండ్రి ఎవరో తెలియదు, దుకాణదారునికి బాలుని వయసు అక్కరలేదు, అమ్మకు ఆ మందు పేరు ఏ భాషలోనూ తెలియదు. మూడు భాషలూ తెలిసినవాడు, ముగ్గురి మధ్య ఏమి జరుగుతున్నదో పూర్తిగా ఎరిగినవాడు ఆ పదిహేనేళ్లవాడొక్కడే. పెద్దలు తలా ఒక భాషలో తమకు తెలియదని చెప్పుకోగలరు. వానికి ఆ సౌకర్యం లేదు. ఇంటికి వచ్చి, చేయి కడుక్కొని, అమ్మ వడ్డించిన అన్నం ముందు కూర్చొని, మొటిమలెందుకు వచ్చినవిరా అని ఆమె తెలుగులో అడిగినప్పుడు, వాడు తెలుగులోనే ఏదో ఒకటి చెప్పాలి.