తడి యారకమునుపే

తప్పు చేయుట మానవ సహజము. చేసిన తప్పునకు పశ్చాత్తాపపడుట సజ్జన లక్షణము. ఇంతవరకు ఎవరికిని సందేహము లేదు. కాని పశ్చాత్తాపముచే దోషము పూర్తిగా తొలగునా? తొలగునన్నచో తప్పు చేయుటకు జంకెందులకు? తొలగదన్నచో శరణాగతికి ప్రయోజనమేమి? ఈ చిక్కు విడుటకు ముందుగా ఒక లౌకిక దృష్టాంతమును చూతము.

రాజస్థానమున థార్ ఎడారియందు బికనీరు నగరము కలదు. దానిని పాలించిన అనూప్ సింహ మహారాజు మొగలు సేనలతో దక్షిణాపథమునకు వచ్చి, 1698లో మన ఆదోనియందే కాలధర్మము నొందెను. ఆయన సేకరించిన సంస్కృత గ్రంథముల వ్రాతప్రతులు పండితలోకమున ప్రసిద్ధములు. ఆయన ఆస్థాన చిత్రకారుడు రుక్నుద్దీన్. మహమ్మదీయులైన అచటి చిత్రకారులు శ్రీకృష్ణ లీలలను ఎంతో శ్రద్ధతో చిత్రించిరి.

అట్టి ఎడారి సీమలో ఒక చిన్న చిత్రశాలను భావింపుడు. ఒక వృద్ధ గురువు, నలుగురైదుగురు విద్యార్థులు. రంగుపొడిని తుమ్మబంకతో నూరి, నీటితో పలుచన చేసి, కుంచెతో కాగితముపై పరచుట అచటి విద్య. ప్రాచీన పద్ధతిలో తెల్లరంగును కలిపి దట్టముగా పూయుదురు. పలుచని నీటిరంగుల పద్ధతిలో అట్లు కాదు. కాగితపు తెల్లదనమే అందు వెలుగై నిలుచును. ఆ తెలుపును కాపాడుకొనుటయే విద్యార్థికి మొదటి పాఠము.

రెండవ పాఠము తప్పును దిద్దుకొనుట. రంగు పడరానిచోట పడినచో వెంటనే మంచినీటితో తడిపి దూదితో అద్దవలయును. తడిగానున్నంతసేపు రంగు చాలవరకు లేచివచ్చును. ఆరినచో కష్టము. కొన్ని రంగులు కాగితపు నారలోనికి ఇంకి ఎన్నటికిని వదలవు. ఎడారి గాలికి తడి క్షణములలో ఆరిపోవును గనుక అచట జాగు పనికిరాదు.

ఆ చిత్రశాలలో ఒక బాలిక తన గ్రామమందలి కృష్ణాలయమునకు సమర్పింప గోరి యమునాతీర చిత్రమును మూడు దినములుగా వ్రాయుచున్నది. ఆమె మంచినీళ్లకై వెళ్లినపుడు ప్రక్కనున్న విద్యార్థి కుంచె విదుపగా నీలిరంగు చుక్కలు ఆ చిత్రముపై పడినవి. ఎవరును చూడలేదు. అతడు దూదిని అందుకొనలేదు. తెల్లరంగు పూసి కప్పిపుచ్చెను. బాలిక తిరిగివచ్చి మచ్చను చూచి తన చేతి తప్పే యనుకొన్నది. గురువు ఆమెనే మందలించెను. సాయంకాలమునకు ఆ విద్యార్థి మనస్సు నిలువక, గురువు పాదములపై బడి నిజము చెప్పెను.

గురువు, "నాయనా! నిజము చెప్పితివి, సంతోషము. కాని తడిగానున్నప్పుడే చెప్పినచో ఆ కాగితము దక్కెడిది. నిష్కారణముగా ఈ బిడ్డను మందలించిన పాపము నాకును తప్పెడిది" అనెను. బాలిక అతనిని క్షమించినది. చిత్రము మాత్రము మొదటినుండి వ్రాయవలసివచ్చినది. అతడు ఆమెకు కావలసిన రంగులన్నియు తానే నూరి యిచ్చెను.

ఇందు క్షమాపణ వ్యర్థమైనదా? కాలేదు. ఇరువురి నడుమ ఏర్పడబోయిన వైరము తొలగినది. అతని హృదయభారము దిగినది. కాని పోయిన మూడు దినములు తిరిగి రాలేదు.

బ్రహ్మసూత్రముల నాల్గవ అధ్యాయము బ్రహ్మవిద్యానిష్ఠునకు పూర్వపాపములు నశించుననియు, ఉత్తరపాపములు అంటవనియు తెలుపుచున్నది. దీనిని విని తొందరపడరాదు. అంటనివి ఏమరుపాటున జరిగినవే గాని బుద్ధిపూర్వకముగా చేసినవి కావని శ్రీభాష్యకారుల నిర్ణయము. కుంచెనుండి చుక్క జారుట ఏమరుపాటు. తెల్లరంగు పూయుట బుద్ధిపూర్వకము. మొదటిది పొరపాటు, రెండవది పాపము.

కాకాసురుని కథయు ఇట్టిదే. సీతమ్మకు అపచారము చేసి, ముల్లోకములు తిరిగి, ఎచటను దిక్కు గానక తుదకు శ్రీరామచంద్రుని పాదములకడనే పడెను. స్వామి ప్రాణములను కాపాడెను. కాని కాకము ఒక కన్నును కోల్పోయెను. ప్రాణరక్షణము కృప, పోయిన కన్ను కర్మశేషము. శరణాగతి వ్యర్థము కాదనియు, అపరాధము తేలిక కాదనియు ఈ ఒక్క కథయే చాటుచున్నది.

కావున మొదటి సందేహమునకు సమాధానమిది. భగవంతుడు క్షమించును. పరునకు కలిగిన నష్టమును పూరించు బాధ్యత మాత్రము చేసినవానిదే. దూది యున్నదిగదా యని ఏ చిత్రకారుడును కోరి మచ్చ వేయడు. క్షమ యున్నదిగదా యని పాపము చేయువాడు క్షమను ఎరుగనివాడే.

గృహస్థులకు ఇందొక హితము కలదు. కోడలిని పరుషముగా పలికిన అత్తయు, కూలివాని కూలిలో కోత పెట్టిన యజమానియు, అన్నదమ్ముని వాటాను దాచినవాడును తిరుమలకు పోయి కానుక సమర్పించిన చాలునని తలంపరాదు. నొచ్చినవారి కడకు ముందు పోవలయును. గుండెలో తడి ఆరిపోకమునుపే పోవలయును. అటుపిమ్మట శ్రీనివాసుని సన్నిధిలో జోడించిన చేతులకు నిజమైన బరువుండును.