ప్రార్థనతో ఆగని వాదన

విదేశాల్లోని మన గృహకూడికల్లో మాట పెరిగితే ఎవరో ఒకరు "ప్రార్థన చేసుకుందాం బ్రదర్" అంటారు. అందరూ కళ్లు మూసుకుంటారు, వాదన బయట కార్ల దగ్గర మళ్లీ మొదలవుతుంది. "ఇక్కడ రాజకీయాలొద్దు" అన్న నియమం అందరికీ ఒకేలా వర్తించదు. ఊళ్లో ఎస్సీ హోదా మీద ఆధారపడ్డవారి సంగతే చూడండి. అనంతపురం వైపు బుక్కరాయసముద్రం మండలమున్న శింగనమల ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. క్రైస్తవులైన ఎస్సీలు మన ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి. దళిత క్రైస్తవులకూ ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో శాసనసభ తీర్మానించి కేంద్రాన్ని కోరింది. ఆదివారం చర్చికి వెళ్తూ కుల సర్టిఫికెట్టులో హిందువని రాయించుకోవడం అబద్ధమని ఒకరంటారు, బతుకుదెరువని ఇంకొకరంటారు. ఇది విశ్వాసమా, రాజకీయమా? నోరు మూయిస్తే నష్టం ఊళ్లో తమ్ముడి ఉద్యోగం ఆ కాగితం మీద ఆధారపడ్డవాడికే.

మాట్లాడితే కూడిక చీలుతుందని భయం. కానీ తేడాలు మాట్లాడుకునే కలిసిన ఉదాహరణ ఉంది: 1919లో తరంగంబాడిలో మొదలైన దక్షిణ భారత సంఘాల ఐక్యతా చర్చలు 28 ఏళ్లు సాగాయి. అందుకు పాటుపడ్డ దోర్నకల్ బిషప్ అజరయ్య ఫలితం చూడకుండానే 1945లో పోయారు. అనంతపురం, గుత్తి వైపు లండన్ మిషన్ సంఘాలు బిషప్పుల్లేకుండా పెరిగినవి. నంద్యాల వైపు ఆంగ్లికన్లకు బిషప్పు లేనిదే సంఘం లేదు. అయినా 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) ఏర్పడిందంటే ముందే రాసుకున్న ఒక హామీ చాలా పనిచేసింది: మనస్సాక్షి ఒప్పని ఆరాధననుగానీ బోధకుణ్నిగానీ ఏ సంఘం మీదా రుద్దరాదు. నంద్యాలలో చాలామంది అప్పటికీ చేరలేదు, 1975లోగానీ రాలేదు. ఇంత ఓపిక మన వారాంతపు కూడికలకు ఉందా అన్నది అనుమానమే.

ఇలాంటి హామీ సత్యాన్ని బేరం పెట్టడం కాదా అని అడగొచ్చు. మునక బాప్తిస్మమే సరైనదని నమ్మినవారు వాక్యం చూపి ఎంతసేపైనా వాదించవచ్చు. చిన్నప్పుడు చిలకరింపు పొందినవారిని ప్రభురాత్రి భోజనానికి దూరం పెట్టే అధికారం మాత్రం కూడికకు ఇవ్వకూడదు. ఓటూ అంతే, ఎవరిష్టం వారిది. కూడిక పేరు మీద పార్టీకి చందా వద్దు. సర్టిఫికెట్టు సంగతికి ప్రార్థనయ్యాక విడిగా ఒక గంట పెట్టుకుని, ఊళ్లో నష్టపోయేవారి బంధువులను ముందు మాట్లాడనివ్వాలి. పేర్లు ఆ గది దాటకూడదు. వాట్సాప్‌లో పెట్టిన బాప్తిస్మం ఫొటో ఇక్కడివారికి సంబరం, అక్కడ ఎమ్మార్వో ఆఫీసులో అదే ఫిర్యాదుకు జతచేసే కాగితం.