తల్లిని చూపించగలరా?

ఏడాది కాలంగా మా మనవరాలి కోరిక ఒక్కటే: ఇంటికి ఒక కుక్కపిల్ల కావాలి. ఆమెకు తొమ్మిదేళ్లు. జనవరి మంచులో దానిని ఎవరు బయటికి తీసుకువెళతారు, పశువైద్యునికి ఎంత ఖర్చవుతుంది అన్న చర్చలన్నీ ముగిసి, చివరికి ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నాము. అంతటితో సమస్య తీరిందనుకున్నాను. నిజానికి అసలు ప్రశ్న అప్పుడే మొదలయింది. కుక్కపిల్లను ఎక్కడినుండి తెచ్చుకోవాలి?

కాకినాడనుండి వచ్చి మాతో ఉంటున్న మా వియ్యపురాలు ఈ మాట విని నవ్వారు. "ఇదేం విడ్డూరం వదినగారూ! మా ఊళ్లో కుక్కను ఎవరూ తెచ్చుకోరు. అదే వస్తుంది. రెండు రోజులు గుమ్మం దగ్గర పడుకుంటుంది. మూడోనాడు ఒక ముద్ద పెడతాం. ఇక అది మనదే" అన్నారు.

ఆ మాటలో సత్యమున్నది. ఊరకుక్క ఏ అరుగు కింద పుట్టిందో, దాని తల్లి ఏదో వీధివారందరికీ తెలుసు. మార్కమ్‌లో అలా గుమ్మం ముందుకు వచ్చే కుక్కలు లేవు. ఇక్కడ ఒక కుక్కపిల్ల మన ఇంటికి చేరాలంటే మధ్యలో ఎవరో ఒకరుంటారు. బ్రీడర్ కావచ్చు, ఆశ్రయ కేంద్రం కావచ్చు, ఫోనులో కనిపించే ప్రకటన కావచ్చు. ఆ మధ్యవర్తి వెనుక ఏమి జరుగుతున్నదో మనకు కనబడదు. మనకు కనబడనిదానికి మన బాధ్యత ఎంత? ఈ వ్యాసంలో నేను ఆలోచించదలచినది ఇదే.

మా అల్లుడు ఒక ప్రకటన చూశాడు. ధర తక్కువ. నవంబరులో ఒక సాయంకాలం, దుకాణాల ముందున్న పార్కింగ్ స్థలంలో కలుసుకుందామని అమ్మేవాడు చెప్పాడు. మేము నలుగురం వెళ్లాము. కారు వెనుక సీటుమీద ఒక అట్టపెట్టె. అందులో వణుకుతూ ఒక్కటే పిల్ల. ఎనిమిది వారాలు నిండాయని అతడు అన్నాడు గాని, చూడడానికి అంతకంటె చిన్నదిగా కనబడింది. "దీని తల్లిని చూపించగలరా?" అని అడిగాను. తల్లి చాలా దూరంలో, ఎక్కడో పొలంలో ఉన్నదన్నాడు. టీకాల కాగితాలు తరువాత పంపుతానన్నాడు. ఈలోగా మా మనవరాలు ఆ పిల్లను తన కోటులో దాచుకున్నది.

మేము దానిని కొనకుండా తిరిగి వచ్చాము. కారులో ఆమె ఏడుస్తూ అన్న మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. "అవ్వా, ధర్మరాజు కుక్కను వదలలేదని నువ్వే చెప్పావు. మనం వదిలేశాం."

అవును, ఆ కథ చెప్పినది నేనే. పాండవులు హస్తినాపురం విడిచినప్పటినుండి ఒక కుక్క వారి వెంట నడిచింది. ద్రౌపది, తమ్ములు ఒక్కొక్కరే నేలకొరిగారు. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కను విడిచి స్వర్గానికి రమ్మన్నాడు. నమ్మి వెంట వచ్చిన ప్రాణిని విడిచి వచ్చే స్వర్గం తనకు వద్దన్నాడు ధర్మరాజు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదానను. తొమ్మిదేళ్ల పిల్ల అడిగినదానికి ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు.

ఆమె వాదం తేలికైనది కాదు. ఆ పిల్ల కష్టం కళ్లముందు ఉన్నది. ఎక్కడో ఉన్న తల్లి కష్టం నా ఊహ మాత్రమే. దయ అనేది కళ్లముందున్న ప్రాణితోనే మొదలు కావాలి కదా? దూరపు న్యాయం పేరు చెప్పి దగ్గరి దుఃఖాన్ని దాటిపోవడం కఠినత్వం కాదా? ఇలా ఆలోచించేవారిని నేను గౌరవిస్తాను. అటువంటి పిల్లను జాలితో కొని ప్రాణంగా పెంచుకునేవారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

అయినా రెండు సందర్భాలకు ఒక తేడా ఉన్నదని తోచింది. ధర్మరాజు కుక్కను ఎవరూ అమ్మలేదు. తన దయకు మూల్యం ఆయన తానే చెల్లించడానికి సిద్ధపడ్డాడు. ఆ మూల్యం స్వర్గం. ఆ పార్కింగ్ స్థలంలో మేము డబ్బు ఇచ్చి ఉంటే, మా దయకు అసలు మూల్యం చెల్లించేది మేము కాదు. ఆ పెట్టె ఖాళీ కాగానే మరొక పెట్టె నింపాలి. దానికోసం కనబడని తల్లికుక్క మళ్లీ పిల్లలు పెట్టాలి. చలి, చీకటి, వణుకుతున్న పిల్ల, ఏడుస్తున్న బాలిక: ఇవన్నీ అమ్మకానికి సాయపడతాయి. అటువంటి వ్యాపారం మన జాలిమీదనే నడుస్తుంది.

అప్పుడు మహాభారతంలోని మరొక కుక్క జ్ఞాపకం వచ్చింది. ధర్మరాజు వెంట నడిచిన కుక్క కథ చివర కనిపిస్తుంది. సరమ మొదటనే కనిపిస్తుంది. జనమేజయుడు యాగం చేస్తుండగా సరమ అనే దేవతల కుక్కకు పుట్టిన పిల్ల అక్కడికి వచ్చింది. ఏ తప్పూ చేయకపోయినా రాజు తమ్ములు దానిని కొట్టారు. తల్లి సరమ నేరుగా వచ్చి, నా బిడ్డ చేసిన అపరాధమేమిటని నిలదీసింది. వారి దగ్గర సమాధానం లేదు. నిష్కారణంగా బలహీనులకు కీడు చేసినవారికి ఊహించని భయం కలుగుతుందని చెప్పి ఆమె వెళ్లిపోయింది. నన్నయ తెలుగులో ఆదిపర్వం చదివేవారికి ఈ ఘట్టం తెలిసినదే. అంత పెద్ద ఇతిహాసం ఆరంభంలోనే ఒక తల్లికుక్క రాజకుటుంబాన్ని ప్రశ్నిస్తుంది. మా ప్రకటనలో తల్లికి చోటే లేదు.

ఇక్కడ నా సొంత వంశం గురించి కొంత చెప్పాలి. మా పూర్వులు ఒప్పంద కూలీలుగా మద్రాసు రేవునుండి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు వెళ్లారు. మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది అలా వెళ్లారు; వారిలో తెలుగువారు అనేకులు. ఓడ జాబితాలలో ప్రతి మనిషికి ఒక సంఖ్య ఉంటుంది. ఆ పక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, ఒంటిమీది గుర్తులు ఉంటాయి. ఊరిలో కూలీలను సమకూర్చిన దళారి ఏమి చెప్పి ఒప్పించాడో ఏ గడిలోనూ ఉండదు. కరవుకు తాళలేక తెలిసి వెళ్లినవారు ఉన్నారు. మోసపోయి వెళ్లినవారు కూడా ఉన్నారు. దళారికి మాత్రం తలకింతని ముట్టేది. చెరకుతోట యజమాని ఆ దళారిని ఎన్నడూ చూసి ఉండడు. అతని కళ్లముందుకు వచ్చినది ఓడ దిగిన మనిషి, చేతికి వచ్చినది ఒక కాగితం. వెనుక ఏమి జరిగిందో అతడు అడగలేదు, కాని దానికి డబ్బు ఇచ్చినది అతడే.

మనుషులను కుక్కలతో పోలుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. అది నా పూర్వులకు అవమానం. నేను పోలుస్తున్నది కొనేవారిని మాత్రమే. అడగకపోవడం వలన కలిగే సౌఖ్యం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. నా ఇంట తెలుగు మాట తెగిపోయి, నేను సాయంకాలపు తరగతులలో అక్షరాలు దిద్దుకోవలసి రావడానికి కారణాలలో ఆ సౌఖ్యం కూడా ఒకటి. అందుకే తల్లి ఎక్కడ అని అడగకుండా కుక్కపిల్లను తెచ్చుకోవడానికి నా మనస్సు ఒప్పుకోలేదు.

చట్టం కూడా ఈ దిక్కునే నడుస్తున్నది. టొరంటో నగరసభ 2011లోనే పెంపుడు జంతువుల దుకాణాలలో ఆశ్రయ కేంద్రాలు, రక్షణ సంస్థలవంటి చోట్లనుండి వచ్చిన కుక్కలనే అమ్మాలని నిర్ణయించింది. అంటారియో శాసనసభ 2024లో ఆమోదించిన చట్టం ప్రకారం ఎనిమిది వారాలు నిండకముందు పిల్లను తల్లినుండి వేరు చేయరాదు. ఏడాది నిండని ఆడకుక్కచేత పిల్లలు పెట్టించరాదు. రెండేళ్లలో మూడుసార్లకు మించి పెట్టించరాదు. అతిక్రమించే వ్యాపారులకు కనీస జరిమానా 10,000 డాలర్లు. అయితే ప్రతి పార్కింగ్ స్థలంలోనూ చట్టం నిలబడి ఉండలేదు. అక్కడ నిలబడేది కొనేవారే.

ఇండియానుండి ఒక ఊరకుక్కను దత్తత తెచ్చుకుందామని మా అమ్మాయి అన్నది. మంచి ఆలోచనే. కాని కుక్కలవలన రేబిస్ వ్యాపించే ప్రమాదం ఎక్కువగా ఉన్న దేశాలనుండి అమ్మకానికి గాని దత్తతకు గాని కుక్కలను తేవడాన్ని కెనడా 2022 సెప్టెంబరు 28నుండి ఆపివేసింది. ఆ దేశాలలో భారతదేశమూ ఉన్నది.

మరి బ్రీడర్ల దగ్గర కొనడమే తప్పా? నేను అలా అనను. మంచి బ్రీడర్ తన ఇంటికి రమ్మంటారు. తల్లిని, తోబుట్టువులను చూపిస్తారు. మనం అడిగే ప్రశ్నలకంటె ఎక్కువ ప్రశ్నలు మనలను అడుగుతారు. ఏనాడైనా పెంచలేకపోతే తిరిగి తమకే అప్పగించమంటారు. మేలుజాతి కుక్క అని చెప్పి అమ్మితే నమోదు పత్రం ఇచ్చే బాధ్యత అమ్మినవారిదే. ఆ పత్రానికి వేరుగా డబ్బు ఇమ్మంటే అనుమానించండి.

మేము ఆశ్రయ కేంద్రానికి వెళ్లాము. "ఇక్కడా తల్లి లేదు కదా అవ్వా?" అన్నది మనవరాలు. న్యాయమైన ప్రశ్న. ఆ కుక్క ఎక్కడ పుట్టిందో తమకు తెలియదని అక్కడివారు దాచకుండా చెప్పారు. పిల్లలు పుట్టకుండా దానికి శస్త్రచికిత్స అయిందని కూడా చెప్పారు. మేము ఇచ్చే రుసుము మరొక తల్లిచేత పిల్లలు పెట్టించడానికి పోదు. తరువాత వచ్చే కుక్క తిండికి, మందుకు పోతుంది. వంశం తెలియకపోయినా డబ్బు దారి తెలిసింది.

అలా మా ఇంటికి వచ్చినది కుక్కపిల్ల కాదు. నాలుగేళ్ల ఆడకుక్క. ఒక చెవి కొంచెం చినిగి ఉన్నది. బరువైన బూట్ల చప్పుడు వింటే బల్ల కిందికి పోతుంది. ఇంట్లో కుక్కేమిటని మొదట ముఖం చిట్లించిన మా వియ్యపురాలు మూడోనాడు దానికి పెరుగన్నం కలిపి పెట్టారు.

పార్కింగ్ స్థలంలోని పిల్ల ఏమయిందో మాకు తెలియదు. ప్రావిన్సు జంతు సంక్షేమ విభాగానికి ఫోన్ చేసి, మాకు తెలిసినదంతా చెప్పాము. అంతకుమించి చేయలేకపోయాము. మనవరాలు ఇప్పటికీ అప్పుడప్పుడు దాని మాట ఎత్తుతుంది. "మనం చేసినది సరియేనా అవ్వా?" అంటుంది. సరియేనని నా నమ్మకం. కాని ఆ పిల్లకు మేము ఏమీ చేయలేదన్నది కూడా నిజమేనని ఆమెకు చెబుతాను. రెండూ నిజమేనని ఒప్పుకోవడం నాకు ఇంకా కష్టంగానే ఉన్నది.

ప్రియ పాఠకులారా, మీ ఇంట కూడా పిల్లలు ఈ కోరిక కోరే రోజు వస్తుంది. వారిని వెంట తీసుకువెళ్లండి. ధర అడిగేముందు, రంగు చూసేముందు, ఆ మొదటి ప్రశ్న వారిచేతనే అడిగించండి: "దీని తల్లిని చూపించగలరా?"